బురద కింద మగ్గం

మొన్నటి ముసురుకు మా కల్లూరు ఇంటి వెనక సందులో నీళ్లు నిలిస్తే, వార్డు సచివాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చి, గుమ్మంలోనే నిలబడి ఫోనుతో ఫొటోలు తీసుకుని, ఏమేం పాడయ్యాయో అడిగి వెళ్లింది. ఎంతో మర్యాదగా మాట్లాడిందా పిల్ల. అయినా ఆమెను చూస్తుంటే కర్నూలును వరద ముంచిన ఏడాది ఇలాగే నష్టం చూడటానికి మా ఇంటికొచ్చిన అధికారి గుర్తుకొచ్చాడు.

అప్పుడు మేము పాతబస్తీలో, తుంగభద్రకు దగ్గరగా ఉండేవాళ్లం. నడింట్లో గుంట తవ్వి, అందులోకి కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం మాది. మా అత్త, మా ఆయన, నేను దాని మీదే బతికేవాళ్లం. వరద తీశాక వచ్చి చూస్తే పైన ఉండే కర్రలన్నీ కొట్టుకుపోయాయి, గుంటనిండా ఒండ్రు చేరి నేలతో సమమైపోయింది. ఇల్లు మునిగినవాళ్లకు బియ్యం, సరుకులు ముందే అందాయి గానీ, మగ్గాలు, దుకాణాలు పోయినవాళ్లకు ఇచ్చే సాయం వేరే. దానికి అధికారి కళ్లారా చూడాలన్నారు. ఆయన వచ్చిన రోజు మా ఆయన పిల్లల్ని మా అమ్మగారింట్లో దింపడానికి నందికొట్కూరు వెళ్లి ఉన్నాడు. ఇంట్లో అత్తా నేనూ మాత్రమే.

"మగ్గం యాడుండాదమ్మా?" అన్నాడాయన చుట్టూ చూసి.

"మీరు నిలబడింది దాని మీదనే సార్," అంది అత్త.

ఆయన కిందికి చూసుకున్నాడు. కాళ్ల కింద బురద తప్ప ఏమీ లేదు. "కంటికి కనపడకుంటే నేనెట్ల రాసుకునేదమ్మా?" అంటూ పక్కింటి వైపు తిరిగాడు. ఆయన మాటలో కాఠిన్యం లేదు, అలసట ఉంది. కానీ ఆయన వీధి దాటితే మా గతేమిటని నాకు భయమేసింది.

అత్త మాత్రం మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. నేనూ చిప్ప తీసుకుని దిగాను. పక్కనున్న మట్టిగోడ నీళ్లు పీల్చి ఉబ్బి, గుంట వైపే ఒరిగి ఉంది. మేము లోతుకు పోయేకొద్దీ దాని పెళ్లలు రాలసాగాయి.

"గోడ పడతాది, బయటికి రాండమ్మా!" అని అధికారి అరిచాడు.

"పడితే పడనీ సార్. మగ్గం లేకుంటే మేం బతికి మాత్రం ఏం చేసేది?" అంది అత్త తవ్వుతూనే.

ఎదురింటి టైలరు భాయి పరుగున వచ్చి, ఊడిపోయిన తలుపు రెక్కను గోడకు ఆనించి, "సార్, జర మీరూ పట్టండి," అన్నాడు. అధికారి చేతిలో కాగితాలు కిటికీలో పెట్టి భుజం ఆనించాడు. వాళ్లిద్దరి రొప్పు వింటూ, తల పైకెత్తకుండా తవ్వుతూ పోయాం. చివరికి నా వేళ్లకు కాళ్లతో తొక్కే చెక్క తగిలింది, దానికి తాడు ఇంకా బిగిసే ఉంది. అత్త దాన్ని పైకి లాగి, బురదతోనే గుండెకు అదుముకుని భోరుమంది. అది చూసి అధికారి మగ్గం పోయినట్టు రాసుకున్నాడు. మేము బయటికొచ్చిన కాసేపటికే గోడ కూలింది.

భాయికి కష్టం తరువాత వచ్చింది. ఆయన కొట్లోని కుట్టుమిషన్లు వరదకే కొట్టుకుపోయాయి, అద్దె కొట్టు గనుక అవి ఆయనవేనని చెప్పేవారు లేరు. ఎన్నడూ ఆఫీసు గడప తొక్కని మా అత్త ఆయన వెంట వెళ్లి, "మా వీధి ఆడోళ్లంతా తొడుక్కునేది ఈయప్ప కుట్టిన రవికెలే సార్, ఇంకేం సాక్ష్యం కావల్ల?" అని నిలదీసిందట. ఆలస్యంగానైనా రెండిళ్లకూ సాయం అందింది.

కొత్త మగ్గం మీద నాలుగేళ్లు నేసి అత్త కన్నుమూసింది. భాయి కూతురి దగ్గరికి కడప వెళ్లిపోయాడు. మేమూ నదికి దూరంగా వచ్చేశాం. ఇక్కడ ఇళ్లు గట్టివి, ప్రహరీలు ఎత్తైనవి, వరద భయమూ లేదు. కానీ పాతబస్తీలోని ఆ వీధిలో ఒక పూట మగ్గం చప్పుడు వినపడకపోతే, ఒంట్లో బాగాలేదా అంటూ ఎవరో ఒకరు తలుపు తోసుకుని వచ్చేవారు. ఇక్కడ మా ఇల్లు ఎన్నాళ్లు నిశ్శబ్దంగా ఉన్నా అడిగేవారు లేరు.