గంగాదాస్ కొలమానం

ఆర్మూర్‌లో అద్దె సైకిళ్ల దుకాణం నడిపే గంగాదాస్‌కు దూరం కొలిచే మాట ఒక్కటే ఉండేది: ‘గీడనే’, అంటే ఇదిగో ఇక్కడే. పోచంపాడ్ గీడనే. నిజామాబాద్ గీడనే. ఏటా ఎండలు ముదరగానే దుకాణానికి తాళమేసి, నీళ్లు దొరకని సీమలు వెతుక్కుంటూ సైకిలెక్కేవాడు. బీజాపూర్ దాకా పోయి, పెదవులు పగిలి, బొగ్గులా నల్లబడి వచ్చిననాడు భార్య వెంకవ్వ తలుపు తీసి, “ఎవలు గావాలె?” అంది.

“నేనేనే!”

“గంత దూరం ఎందుకు వోయినవయ్యా?”

“దూరమేడిది? గీడనే!”

పసుపు మార్కెట్లో తూకం వేసే ఎర్రన్నకు ఈ మాట వింటే ఒళ్లు మండేది. ముల్లు వెంట్రుకవాసి కదిలినా కాంటా దించి మళ్లీ ఎక్కించే మనిషి అతను. “దాసన్నా, నీ చేతికి కాంటా ఇస్తే తూకం రాళ్లన్నీ ఒక్కటే బరువుంటయా?” అని ఎగతాళి చేసేవాడు.

1962 ఎండాకాలంలో ఆ ఎర్రన్నకే అవసరం పడింది. చెల్లెలు భాగ్యవ్వను నారాయణఖేడ్ అవతల, బస్సు పోని పల్లెలో ఇచ్చారు. ఆమె కొడుక్కి ఎల్లుండి పొద్దున్నే పుట్టువెంట్రుకలు తీస్తారని కబురు ఆలస్యంగా అందింది. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుంటేనే కత్తి ఆడాలి. మామ రాకపోతే భాగ్యవ్వ అత్తగారింట్లో తలెత్తుకోలేదు.

“ఫికర్ వద్దు తమ్మీ, నేనొస్త. గీడనే!” అంటూ గంగాదాస్ రెండు సైకిళ్లు బయటికి తీశాడు.

బాన్సువాడ దాటాక నీడ పోయింది. ఎర్రమట్టి, ఎండిన వాగులు, ఒకదాని వెనక ఒకటి రాళ్లగుట్టలు. వీటన్నిటికీ తోడు ఎదురుగాలి. ఎర్రన్న భారీ మనిషి; గతుకు గతుక్కీ సీటు కింద స్ప్రింగులు మూలిగాయి.

“ఇంకెంతున్నదే?”

“గీడనే.”

“పొద్దుగాల గూడ గట్లనే అన్నవ్!”

“అప్పటికంటె ఇప్పుడు మస్తు గీడనే.”

మర్నాడు నారాయణఖేడ్ దాటి చాలా దూరం వచ్చాక, మిట్టమధ్యాహ్నం ఎర్రన్న సైకిల్ పడేసి దుమ్ములో కూలబడ్డాడు. “నా పానం వోయినా లేవ.”

“గా గుట్టే ఆఖరుది. గీడనే.”

ఎక్కాడు. దాని వెనక ఇంకో గుట్ట ఉంది. గంగాదాస్ వంశాన్ని తిట్టుకుంటూ దాన్నీ ఎక్కాడు. తిట్లున్నంతసేపు కాళ్లు బాగానే ఆడాయి.

ఆ దిగువన ఒకామె, జ్వరంతో మూలుగుతున్న పిల్లాణ్ని భుజానేసుకుని, ఉత్త కాళ్లతో ఎదురొచ్చింది. “అన్నా, ఖేడ్ దవాఖాన ఎంత దూరముంటది?”

జవాబు ‘గీడనే’ అని ఎర్రన్నకు తెలుసు. కానీ గంగాదాస్ సైకిల్ దిగాడు.

“శాన దూరమున్నదవ్వా. నడవలేవు. ఎనక కూసో, తీస్కపోత.”

ఎర్రన్న బిత్తరపోయాడు. “నాకెందుకు గట్ల చెప్పకపోతివి?”

“నీకు నిజం చెప్తే బాన్సువాడలనే బస్సెక్కి ఇంటికి వోదువు. గీమెకు అబద్ధం చెప్తే నమ్మి నడుస్తది. ఇగ నువ్వు పో, తొవ్వ సీదా ఉన్నది.”

“ఒక్కన్నా? ఎంతున్నదో జెర చెప్పి పో!”

అప్పటికే ఖేడ్ వైపు తిరిగిన గంగాదాస్ వెనక్కి చూడకుండా అరిచాడు: “నాకేమెరుక? గీ దిక్కు నేనెన్నడన్న వచ్చిన్నా?”

తెల్లారి మంగలి కత్తి నూరుతుండగా, “ఏడున్నడే మీ అన్న?” అని భాగ్యవ్వను అత్త పోచవ్వ నిలదీస్తుండగా, ఎర్రన్న వాకిట్లోకి వచ్చి పడ్డాడు. భాగ్యవ్వ మొహం వెలిగింది. నిలువెల్లా ఎర్రదుమ్ముతో ఉన్న మామను చూసి మేనల్లుడు మాత్రం కెవ్వుమన్నాడు. ఎన్నిసార్లు ఒళ్లో పెట్టినా జారి పారిపోయాడు.

అంతలో గంగాదాస్ దిగాడు. “నన్ను తోలుకొచ్చింది గీ దాసన్ననే,” అన్నాడు ఎర్రన్న. “గా పొల్లగానికి సూది వడ్డది, జరం దిగింది,” అని అరుగు మీద చతికిలబడ్డాడు. మేనల్లుడు పాక్కుంటూ పోయి అతని మీసం పట్టుకుని, నవ్వుతూ ఒళ్లో చేరాడు.

పోచవ్వ కళ్లు చిట్లించింది. “ఏమే కోడలా, మేనమామ ఎవలు మరి?”

“ఇద్దరత్తా,” అంది భాగ్యవ్వ. “ఒకలు వచ్చినోడు, ఒకలు తెచ్చినోడు.”

మంగలికి ఓపిక నశించింది. “ఒకలొళ్లె తల వెట్టుండ్రి, ఒకలొళ్లె కాళ్లు వెట్టుండ్రి. నాకు గుండు కదలకుంటే సాలు!”