కాఫీకి ముందే ఊదు

ఖతర్‌లో నేను చేసిన తప్పులు తలుచుకుంటే చాలావాటికి నవ్వొస్తుంది. ఒక్కదానికి మాత్రం ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ తప్పు సంగతి చెప్పాలంటే ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి.

నేను కడప జిల్లా నుంచి ఇంటిపనికి వెళ్ళినదాన్ని. నాకు దొరికిన ఇల్లు అల్ రయ్యాన్‌లో. ఎత్తయిన ప్రహరీ, లోపల మూడు కార్లు, గదికో చల్లని మిషను. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు ఇంకా నాలుగేళ్ళు ఉందనగా ఊరంతా తవ్విపోసిన రోజులవి. ఒకవైపు స్టేడియం, ఇంకోవైపు మెట్రో. పొద్దున వెళ్ళిన దారి సాయంత్రానికి ఉండేది కాదు. మా వీధి చివర కూడా సగం రోడ్డు తవ్వేసి, మిగిలిన సగంలో కాసేపు ఇటు బళ్ళు, కాసేపు అటు బళ్ళు వదిలేవాళ్ళు. అక్కడ బోర్డు పట్టుకుని నిలబడే మనిషిది జగిత్యాల దగ్గర పల్లె. బోర్డు ఎర్రవైపు తిప్పితే బళ్ళు ఆగాలి, పచ్చవైపు తిప్పితే కదలాలి. పొద్దుట్నుంచి సాయంత్రందాకా అతని డ్యూటీ అదే.

దారిన పోయేవాళ్ళకు నీళ్ళు పెట్టడం అక్కడ చాలా ఇళ్ళకున్న అలవాటు. మా గోడకు కూడా బయటివైపు చల్లనీళ్ళ కుళాయి ఉండేది. అతను నీళ్ళకొచ్చే వేళకు నేను చెత్త పారేయడానికి వెళితే రెండు తెలుగు మాటలు దొరికేవి. ఎండకు మొహమంతా గుడ్డ చుట్టుకునేవాడు. కళ్ళు తప్ప ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

"మా ఊళ్ళె అందరు నేను దుబాయ్‌ల ఉన్ననే అనుకుంటరక్కా," అని నవ్వేవాడు. "ఖతర్ అంటే గదేం ఊరు అంటరు."

ఇంటికి పెద్ద డెబ్బై దాటిన ముసలావిడ. ఇంటావిడను అక్కడ మామా అని పిలవాలి. అమ్మా అన్నట్టే అది. అయినా ఒక ఆడమనిషిని పట్టుకుని మామా అంటుంటే మొదట్లో నాకు నవ్వాగేది కాదు. ఆవిడ కొడుకుకు పెద్ద వ్యాపారం. ఏడాది తిరిగేసరికల్లా హాల్లో సోఫాలు మారిపోయేవి. చిరుగు లేదు, మరక లేదు, అయినా లారీ ఎక్కేవి. ఎందుకని ఒకసారి కోడలిని అడిగితే, "నిరుడు వచ్చినవాళ్ళు ఇవి చూసేశారు కదా," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఊళ్ళో పెళ్ళినాటి మంచం మీదే మనుమళ్ళను కూడా పడుకోబెడతాం.

ముసలావిడ మాత్రం ఆ సోఫాల మీద ఎప్పుడూ కూర్చోలేదు. పక్కనే కింద పరుపు వేసుకుని, గోడకు దిండు ఆనించుకుని కూర్చునేది. ఆవిడకు కావలసింది సోఫాలు కాదు, వచ్చే మనుషులు. సాయంత్రం పూట అసర్ నమాజు అయిందంటే చెవి గేటు వైపే ఉండేది. ఎవరూ రాని రోజున నన్నే పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని మా ఊరి సంగతులు అడిగేది. నాకొచ్చిన వంటింటి అరబ్బీలో నేనేం చెప్పానో, ఆవిడకేం అర్థమైందో! తల మాత్రం ఊపేది. ఆవిడ మీద నాకు కోపం నిలిచేది కాదు.

ఆవిడకు ఒక చెల్లెలుంది. అల్ హిలాల్‌లో ఇల్లు, కారులో అరగంట దారి. నాలుగేళ్ళుగా రాకపోకలు లేవు. వాళ్ళిద్దరూ పుట్టిపెరిగిన ఇల్లు ముషైరిబ్‌లో ఉండేదట. కొత్త కట్టడాల కోసం ఆ పాత పేటంతా తీసేసినప్పుడు ఆ ఇల్లూ పోయింది. కాగితాల మీద సంతకం పెట్టింది పెద్దావిడ. చెల్లెలికి మాటమాత్రమైనా చెప్పలేదు. ఆవిడ ఒకరోజు అటు వెళ్ళి చూస్తే ఇల్లున్న చోట రేకుల కంచె ఉందట. అప్పటినుంచి అక్క గడప తొక్కలేదు. డబ్బు గొడవేమోనని నేను కోడలిని అడిగితే ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఆ ఇంట్లో డబ్బుకు కొదవేముంది?

ఆ చెల్లెలు వస్తానని ఒకరోజు కబురు పంపింది. నాలుగు రోజుల ముందే ముసలావిడకు నిద్ర కరువైంది. కర్టెన్లు దించి ఉతికించింది. ఖర్జూరాల్లో గింజలు తీశావా అని నన్ను మూడుసార్లు అడిగింది. అక్కాచెల్లెళ్ళు తీరిగ్గా మాట్లాడుకోవాలని కొడుకూ కోడలూ ఆ సాయంత్రం పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

"ఈసారి కూడా కోపంతో వెళ్ళిందంటే ఇక నా శవం లేచే రోజున జనాజాకే వస్తుంది," అంది ముసలావిడ నాతో. కన్నీళ్ళేమీ పెట్టుకోలేదు. రేపు ఏం వండాలో చెప్పినట్టు చెప్పింది.

వచ్చినవాళ్ళకు కాఫీలు పోసి మర్యాదలు చేసే పని అంతకుముందు నాది కాదు. శ్రీలంక ఆవిడ ఒకామె చేసేది. నేను వంటింట్లో గిన్నెల దగ్గరే ఉండేదాన్ని. సెలవు మీద ఆమె విమానమెక్కిన మూడో రోజే ఈ చెల్లెలు రావడం. వెళ్ళేముందు ఆమె నాకు అన్నీ నేర్పింది. కాఫీ కూజా ఎడమ చేత్తో పట్టుకోవాలి, కప్పు కుడి చేత్తో ఇవ్వాలి. కప్పు నిండా పోస్తే అవమానం, అడుగున కొంచెమే పోయాలి. తాగినవాళ్ళు కప్పును అటూ ఇటూ ఊపేదాకా పోస్తూనే ఉండాలి. ఊపితే చాలని అర్థం. బొగ్గు ఎలా రాజేయాలో, దాని మీద ఊదు చెక్క ఎంత పెట్టాలో కూడా చూపించింది. ఊదంటే మన అగరు. ఎప్పుడు తీసుకెళ్ళాలో మాత్రం చెప్పలేదు. పుట్టినప్పటినుంచి తెలిసిన సంగతిని ఎవరైనా చెప్తారా? అడగాలని నాకూ తోచలేదు, ఎందుకంటే అది నాకూ పుట్టినప్పటినుంచి తెలుసు మరి.

మా ఇంట్లో ఆడబిడ్డ వస్తోందంటే మా అమ్మ ముందు సాంబ్రాణి వేసేది. ఇల్లంతా పొగ తిప్పేది. వచ్చినామె గడప దాటగానే ఆ వాసన తగలాలి, నీ కోసమే ఎదురు చూస్తున్నామని తెలియాలి. నీళ్ళూ భోజనమూ ఆ తర్వాతే. అంతకు మించిన మర్యాద నేనెరగను.

చెల్లెలు వచ్చింది. అరవై పైబడిన మనిషి, నిటారుగా నడిచింది. అక్క నుదుటి మీద ముద్దు పెట్టింది గానీ పెదవి ఆనిందో లేదో. పరుపు మీద కాకుండా దూరంగా సోఫా అంచున కూర్చుంది. ఎలా ఉన్నావంటే ఎలా ఉన్నావని రెండు మాటలయ్యాయి. తర్వాత మాటల్లేవు. తలుపు దగ్గర నిలబడి నేను తల్లడిల్లిపోయాను. ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాను. ఉన్నవాటిలో మంచి ఊదు చెక్క, మామా తన పెట్టెలోంచి తీసిచ్చినది, నిప్పుల మీద పెట్టి పొగలు కక్కుతున్న ధూపపు పాత్రను రెండు చేతులా పట్టుకుని నేరుగా చెల్లెలి ముందుకు తీసుకెళ్ళాను. నవ్వుతూ తీసుకెళ్ళాను. అది తలుచుకుంటేనే సిగ్గేస్తుంది.

ముసలావిడ నోరు తెరిచేలోపే పొగ చెల్లెలిని చేరింది. చెల్లెలు నా వంక చూడలేదు, అక్క వంక చూసింది. ఒంటి మీది నల్ల అబాయా అంచు పట్టుకుని పొగను ఒక్కసారి తన వైపు విసురుకుంది. లేచి నిలబడింది.

"అల్లా నీ ఇల్లు చల్లగా చూడాలి," అని నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అక్కడ ఊదు వీడ్కోలు. అన్నీ అయ్యాక, చివరన తెస్తారు. ఊదు వచ్చిందంటే ఇక కూర్చోవడానికి లేదు, లేవాల్సిందే. నాలుగేళ్ళ తర్వాత గడప తొక్కిన మనిషికి కాఫీ చుక్క పోయకుండా, ఖర్జూరం పెట్టకుండా, పో అని చెప్పాను నేను. చెప్పించింది అక్కే అని ఆవిడ అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

"ఏం చేశావే!" అంది ముసలావిడ. అరవలేదు. లేవాలని గోడ పట్టుకుంది, మోకాళ్ళు లేవనివ్వలేదు. "ఆపు దాన్ని, ఆపు," అంటోంది. బయట కారు స్టార్టయిన చప్పుడు.

పాత్ర నేల మీద పెట్టి పరుగెత్తాను. చెప్పులు వేసుకోవాలన్న ధ్యాస లేదు. గేటు దాటాక గానీ నేనేం చేస్తున్నానో తెలియలేదు. చెప్పకుండా గేటు దాటిన పనిమనిషిని పారిపోయింది అంటారు. ఎవరైనా ఫోన్ చేస్తే చాలు, నా సంగతి అంతే. అయినా కాళ్ళు ఆగలేదు. వీధి చివర తెల్ల కారు నెమ్మదిగా పోతోంది. ముందు బోర్డు పచ్చవైపు ఉంది.

"అన్నా!" అని అరిచాను. "ఆ తెల్లకారును నిలబెట్టన్నా! పోనీయొద్దు!"

అతను నన్ను చూశాడు, కారును చూశాడు. బోర్డు ఎర్రవైపు తిప్పేశాడు. అటునుంచి రావడానికి ఒక్క బండీ లేదు. తెల్లకారు ఆగింది. దాని వెనక ఇంకో నాలుగు ఆగి హారన్లు మొదలుపెట్టాయి.

"ఏమైందక్కా, గట్ల ఉరుకుతున్నవ్?"

"కొంపమునిగే పని చేసినానన్నా. ఆమెతో ఒక్క మాట చెప్పాల."

"జల్ది చెప్పు మరి. సూపర్‌వైజర్ సూసిండంటే నా డ్యూటీ పోతది."

కారు అద్దం మీద తట్టాను. డ్రైవరు కసిరాడు. వెనక అద్దం దిగింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకొచ్చిన అరబ్బీ అంతా ఆ క్షణాన ఎటు పోయిందో. "మామా కాదు, మామా కాదు. నేను, నేను," అంటూ గుండె మీద కొట్టుకున్నాను. "మామా నాలుగు రోజులు నిద్ర లేదు. ఖర్జూరాలు, కాఫీ, అన్నీ నీ కోసం. తప్పు నాది."

"ఊదు ఆమె తెమ్మందా?"

"లేదు. మా ఊళ్ళో ముందే తెస్తారు."

"ముందే ఎందుకు?"

"ఎవరి కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తామో, వాళ్ళొస్తే ముందు అదే," అని చెప్పాలనుకున్నాను. అంత మాట ఆ భాషలో నా దగ్గర లేదు. "ప్రేమ ఉన్నవాళ్ళు వస్తే," అన్నాను. ఏడుపు ఆగలేదు.

వెనక హారన్లు మోగుతున్నాయి. ఆవిడ కిందికి చూసి నా పాదాలు గమనించింది. తారు రోడ్డు పెనంలా కాలుతోంది. నేను ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడుతున్నాను.

"ఎక్కు," అంది.

కారు తిప్పుకోవడానికి అతనే చోటు చూపించాడు. వెనకవాళ్ళు తిడుతుంటే రెండు చేతులూ జోడించి అందరికీ దండం పెట్టాడు. అతని డ్యూటీ పోలేదు. మర్నాడు వెళ్ళి అడిగాను.

మేం వచ్చేసరికి ముసలావిడ గుమ్మంలో ఉంది. గోడ పట్టుకుని అంతదూరం ఎలా వచ్చిందో తెలియదు. ముందున్న మెట్టు దిగడం చేతకాక అక్కడే ఆగిపోయింది. తల మీది ముసుగు భుజం మీదికి జారిపోయింది. చెల్లెలు కారు పూర్తిగా ఆగకుండానే దిగింది. ఈసారి నుదుటి మీద పెట్టిన ముద్దుకు చప్పుడు వినిపించింది.

కాఫీ పోశాను. కంగారులో కప్పు నిండిపోయింది. అది కూడా తప్పే, అయినా ఇద్దరూ తాగేశారు. ఇప్పుడు చెల్లెలు పరుపు మీదే కూర్చుంది. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినబడేదాకా మాట్లాడుకున్నారు. మోకాళ్ళ నొప్పులు, మనుమల చదువులు, ఏ రోడ్డు ఎటు మళ్ళించారో అన్నీ వచ్చాయి. ముషైరిబ్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. పైపైన అతికించుకుని ఊరుకుంటారేమోనని వంటింట్లో నాకు భయం పట్టుకుంది.

చీకటి పడుతుండగా చెల్లెలే నన్ను పిలిచింది. "ఇప్పుడు తీసుకురా," అంది. ముసలావిడ మొహం చిన్నబోయింది.

కొత్త నిప్పులు వేసి పట్టుకెళ్ళాను. చెల్లెలి ముందు పెట్టబోతే ముసలావిడ చెయ్యి చాచి పాత్ర తనే తీసుకుంది. ఆవిడ లేవలేని మనిషి కాబట్టి చెల్లెలే జరిగి, అక్క మోకాళ్ళకు వీపు పెట్టి, తల మీది ముసుగు తీసేసింది. తెల్లబడ్డ జుట్టు. ముసలావిడ ఆ జుట్టును పాయలు పాయలుగా ఎత్తి కింద పొగ పట్టింది, తలంటి పోసిన పసిపిల్లకు పట్టినట్టు. నేను గది దాటి వెళ్ళిపోవాల్సింది. తలుపు దగ్గరే ఆగిపోయాను.

"సంతకం పెట్టేముందు నిన్ను అడగాల్సింది," అంది ముసలావిడ.

చెల్లెలు వెనక్కి తిరగలేదు.

"అడిగుంటే పెట్టమనేదాన్నే అక్కా," అంది. "అడగలేదనే నా ఏడుపు."