సిస్టర్ గారి పెన్‌డ్రైవ్

పెన్‌డ్రైవ్‌లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులవి. వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టు మేడ మీద గదిలో నేను డీటీపీ చేసేదాన్ని. శుభలేఖలు, కరపత్రాలు, చర్చి పాటల పుస్తకాలు, ఏది వస్తే అది. పని చేతికి వచ్చిందే కానీ, కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు.

ఒకరోజు హనుమాన్ జంక్షన్ నుంచి ఒక రిటైర్డ్ నర్సు వచ్చారు. ముప్పయ్యేళ్లకు పైగా కాలవ గట్ల వెంట ఊళ్లు తిరిగి పురుళ్లు పోసిన మనిషి. రిటైరయ్యాక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని తెలుగు టైపింగ్ నేర్చుకుని, ఆ అనుభవాలన్నీ రెండు వేళ్లతో తానే కొట్టుకున్నారు.

"మొత్తం ఇందులో ఉందమ్మా. పుస్తకంలా చేసిపెట్టు. మా పాత నర్సులందరం క్రిస్మస్ ముందు కలుస్తున్నాం, తలా ఒకటి ఇవ్వాలి" అని పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టారు.

ఆమె వాడిన ఫాంటు నా దగ్గర లేదు. అదీ ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఉంటే ఎక్కించుకున్నాను. ఫైలును మాత్రం కంప్యూటర్లోకి కాపీ చేసుకోకుండా, అక్కడే తెరిచి దిద్దడం మొదలుపెట్టాను. ఆమె వారానికోసారి వచ్చి, చేసింది చూసి, పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి ఇంకొంత కొట్టి తెచ్చేవారు.

తీసేటప్పుడే తంటా. గడియారం పక్కనున్న చిన్న పచ్చ బాణం నొక్కితే, ఈ పరికరాన్ని ఇప్పుడు ఆపలేం, కాసేపాగి చూడండి అని ఇంగ్లీషులో వచ్చేది. అన్నీ మూసేసినా అదే మాట. చివరికి కంప్యూటరే ఆపేసి తీసేదాన్ని. ఓ మధ్యాహ్నం నేను దిద్దుబాట్లు సేవ్ చేస్తూనే ఉన్నాను, ఆమె లేచి నిలబడ్డారు.

"బస్సు పోద్దమ్మాయ్, ఇచ్చెయ్."

బాణం నొక్కితే మళ్లీ ఆపలేనంది. లాగేసి ఇచ్చేశాను.

ఆ వారం ఆమెకు ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లడం కుదరలేదు. మరుసటి వారం నేను పెట్టగానే, ఇందులో ఏమీ లేదు, ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటర్ అడిగింది. వద్దని నొక్కాను. పెన్‌డ్రైవే పాడైందండీ అనేస్తే సరిపోయేది. అప్పట్లో అవి ఊరికే పాడయ్యేవి, ఆమె నమ్మేవారు కూడా. మాట నోటిదాకా వచ్చింది.

"నేనే పాడుచేశానండీ సిస్టర్ గారూ. అది ఆపలేనంటున్నా లాగేశాను."

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని తెర వైపు చూశారు.

"నీ దగ్గర ఇంకో కాపీ లేదా?"

"లేదండీ."

"నా దగ్గరా లేదు." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఏడవకు. ముందు ఏం చెయ్యాలో చూడు."

సందు చివర ఒక భాయ్ ఉండేవారు. ఒకప్పుడు రేడియోలు బాగుచేసి, తర్వాత కంప్యూటర్లలోకి దిగినాయన. ఇద్దరం ఆయన దగ్గరికి వెళ్లాం.

"ఫార్మాట్ కొట్టలేదు కదా? అయితే చాలావరకు వస్తదండీ" అన్నారాయన. రెండు రోజులకు ఫైళ్లు సీడీలో వేసి ఇచ్చారు. చివరి రెండు అధ్యాయాలు మాత్రం రాలేదు.

ఆ సీడీలో ఫైలు తెరిస్తే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు. ఒక్క తెలుగు ముక్క లేదు. ఫాంటు నా కంప్యూటర్లో లేనే లేదన్నమాట. అంటే ఇన్నాళ్లూ అది పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తోంది! ఎక్కించేటప్పుడు కాపీ చేయాలా అని అడిగే గడిలో టిక్కు తీసేశాను. నేను ఏది మూసినా, ఆ ఫాంటు కోసం కంప్యూటర్ పెన్‌డ్రైవ్‌ను పట్టుకునే కూర్చుంది.

అయినా ఊహ చాలదనుకున్నాను. భాయ్‌తో ఫాంటు కూడా బయటికి తీయించి, పెన్‌డ్రైవ్‌ను శుభ్రం చేయించి తెచ్చుకున్నాను. ఈసారి టిక్కు పెట్టి ఫాంటు ఎక్కించాను. పెన్‌డ్రైవ్ పెట్టడం, ఫైలు తెరవడం, మూయడం, తీయడం. ఒకటికి పదిసార్లు చేశాను. పదిసార్లూ, ఇక తీసుకోవచ్చు అనే వచ్చింది. ఆ రోజు నుంచి ఎవరి ఫైలైనా ముందు కంప్యూటర్లోకి, ఆపైన ఒక సీడీలోకి ఎక్కించాకే ముట్టుకునేదాన్ని.

పోయిన రెండు అధ్యాయాలకు మాత్రం దారి ఒక్కటే. "మీరు చెప్పండి, నేను కొడతాను" అన్నాను. ఆమె రోజూ పొద్దున్నే బస్సెక్కి వచ్చేవారు. నాలుగోరోజు, వరదకు రోడ్డు తెగిపోతే ఒకామెను పడవలో ఆసుపత్రికి తీసుకెళ్తుండగా పురుడొచ్చిన సంగతికి వచ్చాం. అక్కడ ఆగిపోయారు.

"ముందు రాసినప్పుడు బిడ్డ బతికిందని రాశానమ్మా. నువ్వు చదివే ఉంటావు."

"చదివానండీ."

"బతకలేదు. తల్లి ఒక్కతే దక్కింది. రాయడానికి మనసొప్పలేదు." కిటికీలోంచి కింద తోపుడుబండ్ల వైపు చూశారు. "ఈసారి ఉన్నది ఉన్నట్టు కొట్టు."

ఆమె చెబుతూ పోయారు, నేను కొడుతూ పోయాను. మధ్యలో ఎవరో శుభలేఖ కోసం వస్తే సాయంత్రం రమ్మన్నాను. ఆ పూట మూడు పేజీలే అయ్యాయి. మొత్తం పుస్తకంలో నేను ఒక్క మాట కూడా మార్చని పేజీలు అవే.

పుస్తకాలు వేళకు అందాయి. క్రిస్మస్ వెళ్లాక ఆమె కేకు పట్టుకుని మళ్లీ మెట్లెక్కి వచ్చారు. ఆ రోజు పడవలో తన పక్కనే ఉన్న జూనియర్ నర్సు కూడా ఆ కలయికకు వచ్చిందట.

"ఆ పేజీలు చదివి నా చెయ్యి వదల్లేదమ్మా. తన తప్పు వల్లే బిడ్డ పోయిందని ఇన్నేళ్లూ లోలోపల కుమిలిపోయిందంట పిచ్చిది. కాదే అని చెప్పేసరికి ఎంత ఏడ్చిందో."

ఆ మాట చెప్పి, ఇంకో ఇరవై కాపీలు కావాలన్నారు. కుర్చీ ఆమె వైపు జరిపి, ఫైలు తెరిచాను.