తేటగా వచ్చిన సీసా

1963 వానాకాలం. మహబూబ్‌నగర్ సర్కారు దవాఖానలో నేను లేబరేటరీ టెక్నీషియన్‌ని. లేబరేటరీ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. వరండా చివర ఒక గది, కిటికీ పక్కన మైక్రోస్కోప్, స్పిరిటు దీపం, బల్ల అంచుకు బిగించిన సెంట్రిఫ్యూజ్. సెంట్రిఫ్యూజ్ అంటే చేత్తో తిప్పే గిరక. మూత్రం పోసిన గాజుగొట్టాలు అందులో పెట్టి జోరుగా తిప్పితే బరువైన కణాలన్నీ అడుగుకు దిగుతాయి. ఆ మడ్డి ఒక చుక్క స్లైడు మీద వేసి చూడటం నా పని. బాటనీలో డిగ్రీ చదివి మూత్రం సీసాలు కడుగుతున్నానని నల్గొండలో మా చుట్టాలు నవ్వేవాళ్ళు. మీ సీసాలు కూడా ఏదో ఒకనాడు నా బల్ల మీదికే వస్తాయని చెప్పాక నవ్వడం మానేశారు.

ఆ వానల్లోనే నారాయణపేట నుంచి నర్సింలు వచ్చాడు. చీరల నూలుకు రంగులు వేసే మనిషి, యాభై దాటిన వయసు. మోచేతుల దాకా రంగు ఇంకిపోయి, గోళ్ళు ఏ రంగువో చెప్పలేకుండా ఉన్నాయి. వెంట ఆయన భార్య బాలమణి. పాత చీర ముక్కలో చుట్టి తెచ్చిన సీసాను ఆమే నా బల్ల మీద పెట్టింది. అందులోది ఎర్రగా ఉంది.

“ఎన్నాళ్ళ సంది గిట్ల వస్తుందన్నా?” అని అడిగాను.

“నాకేం రోగం లేదమ్మా. రంగు పని జేసెటోనికి రంగు గాక పాలొస్తయా? దినమంత ఎర్ర కాగుల చేతులు వెట్టి నూలు పిసుకుతున్న. లోపటికి వోయింది బయటికొస్తది.”

అది ఆయన ఒక్కడి మాట కాదు. రంగు కాగులు పెట్టే ఇళ్ళలో చాలామంది అలాగే అనుకుంటారట. అందుకే ఎవరూ దవాఖాన గడప తొక్కరు.

“నేను గూడ గట్లనే నమ్మిన అక్కా,” అంది బాలమణి. “గని గీ పదిహేను దినాల సంది మా ఇంట్ల నీలం దప్ప ఇంకో రంగు ఉడకలే. మరి నీలమే రావాలె గద? ఎర్రగనే వస్తాంది.”

“ఇగో, డాక్టరమ్మ మాట్లాడింది,” అని గొణిగాడు నర్సింలు.

స్లైడు చూశాను. రంగు కాదు, రక్తం. ఎర్ర కణాలు సంతలో జనంలా కిక్కిరిసి ఉన్నాయి. నొప్పి ఉందా అంటే లేదన్నాడు. మా పనిలో నొప్పి ఉంటే రాయేమోనని కాస్త ధైర్యం. నొప్పి లేకుండా రక్తం పోతేనే భయం.

మా డాక్టరుగారు రిపోర్టు చూసి, ఆ చేతులు చూసి, గొంతు తగ్గించారు. రంగుల కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళకు మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డలు వస్తాయని ఆయన చదివిన పుస్తకాల్లో ఉంది. సిస్టోస్కోపీ చేయించాలని చీటీ రాసిచ్చారు. సన్నటి గొట్టానికి దీపం అమర్చి, మూత్రం వచ్చే దారిలోనే లోపలికి పంపి చూడటం. అది హైదరాబాద్‌లోనే చేస్తారు. నర్సింలు చీటీ మడిచి రొంటిన దోపుకున్నాడు. హైదరాబాద్ బస్సెక్కుతాడని నేను అనుకున్నాను. ఆయన నారాయణపేట బస్సెక్కాడు.

దసరా పోయాక మళ్ళీ వచ్చాడు, నవ్వుకుంటూ. వెనక బాలమణి. ఈసారి సీసా ఆయన చేతిలోనే ఉంది. అందులోది వాననీళ్ళంత తేటగా ఉంది.

“సూడు తల్లీ. కొండపిండి ఆకు. పొద్దుగాల, మాపటికి కషాయం తాగిన. నెత్తురు బంద్.”

కొండపిండి అంటే మూత్రం మంటకూ రాళ్ళకూ ఊళ్ళలో తాగించే మొక్క. నేను గిరక తిప్పాను. స్లైడులో ఎర్ర కణాలు లేవు. ఇంకోటి వేశాను. అందులోనూ లేవు. శుభ్రమైన స్లైడు చూస్తే నాకు ఎప్పుడూ సంతోషమే. ఆ రోజు మాత్రం భయమేసింది. ఎందుకంటే ఈ జబ్బులో రక్తం దానంతట అదే ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. లోపల గడ్డ మాత్రం ఆగదు. ఒక్క ఎర్ర కణం దొరికినా ఆయన్ని మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచి చూపించేదాన్ని. ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు. తేట సీసా మొత్తం ఆయన పక్షమే మాట్లాడుతోంది.

ముగ్గురం డాక్టరుగారి గదికి వెళ్ళాం. ఆయన కోస్తా మనిషి, మంచివారే, కానీ నోటికి ఓపిక తక్కువ.

“ఆకులూ అలములూ తాగి ఈ జబ్బు తగ్గించుకుంటావటయ్యా? అందులో ఏముంటుంది? ఉత్త గడ్డి.”

నర్సింలు లేచాడు. “గడ్డే సారూ. గా గడ్డే నెత్తురు ఆపింది. మీ చీటీ ఏం జేసింది?”

గుమ్మం దాటితే ఆ మనిషి మళ్ళీ రాడు. అలాంటప్పుడు నోరు మూసుకోవడం నాకు చేతకాదు.

“ఏం సార్, గడ్డి అంటే అంత చులకనా? మలేరియాకు మీరిచ్చే క్వినైన్ చెట్టు బెరడు కాదా? రక్తపోటుకు నిన్న రాసిన మాత్ర సర్పగంధి వేరులోది కాదా? బిళ్ళగన్నేరులోంచి రక్తం క్యాన్సర్‌కు మందు తీస్తున్నారని పత్రిక తెచ్చి చూపించింది మీరే. మూత్రాశయం గడ్డకు పనికొచ్చేది ఏ ఆకులో ఉందో ఎవరు వెతికారు? లేదని ఎట్లా చెప్తారు?”

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు. నర్సింలు ముఖం వెలిగిపోయింది. తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

“గిట్ల చెప్పేటోళ్ళు గావాలె!”

“ఆగన్నా, నీతోని ఇంక మొదలువెట్టలే. మీ తాతల కాలంల నీలం ఎట్ల తీసెటోళ్ళు? నీలిచెట్టు ఆకు ఉడకబెట్టి, అండ్ల నూలు ముంచితే నీలమయ్యేదా?”

చిన్నపిల్ల అడిగినట్టు నవ్వాడు. “ఆకు ఉడకవెడితె నీలం యాడికెల్లి వస్తదమ్మా? తొట్ల నానవెట్టాలె. మురగాలె. మనుషులు దిగి గా నీళ్ళను కట్టెలతోని కొట్టాలె. గప్పుడు నీలం అడుగుకు దిగుతది. దాన్ని వడగట్టి, ఎండవెట్టి, బిళ్ళలు జెయ్యాలె. ఆకులనే ఉంటది గని, ఆకు నీలం గాదు.”

“మందు గూడ గంతే. బిళ్ళగన్నేరుల నుంచి మందు అట్లనే తీసిన్రు. ఎంతిస్తే పనిచేస్తది, ఎంతిస్తే మనిషి వోతడు, అన్ని చూసిన్రు. నీ కొండపిండిల గసువంటిది ఉందో లేదో నాకు తెల్వదు. ఉన్నా ఎవరూ ఇంక బయటికి తియ్యలే. వాళ్ళు తీసేదాంక నీ లోపటి గడ్డ కూసుంటదా?”

“గడ్డుంటె గద? నెత్తురే లేదాయె.”

“సీసాల లేదు. లోపట సంగతి దీపం వెట్టి చూస్తేనే తెలుస్తది. ఏం లేకపోతే వచ్చి నన్ను నోటికొచ్చినట్టు తిట్టు.”

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. బాలమణి అందుకుంది. “మా ఆయనకు తిట్టుడంటె మస్తు ఇష్టమక్కా. గందుకన్న పోతడు.”

నర్సింలు తల ఎత్తాడు. “పోతగని, ఆకు మాత్రం ఇడిసిపెట్టను.”

డాక్టరుగారు నా వైపు ఒకసారి చూసి, “మానమని అననులేవయ్యా. తాగుతున్నావని అక్కడి డాక్టరుకు చెప్పు, దాచకు,” అన్నారు.

వాళ్ళు వెళ్ళాక నా ధైర్యమంతా జారిపోయింది. లోపల ఏమీ లేకపోతే నారాయణపేటలో ఇక రంగు పనివాడెవడూ మా మాట వినడు. ఉంటే, ఆకు నమ్ముకొని కూర్చున్న ఆ రోజుల్లో అది ఎంత పెరిగి ఉంటుంది? హైదరాబాద్ బస్సు వచ్చే వేళకు స్లైడు వదిలి వరండాలోకి వచ్చేదాన్ని. ఎన్నో బస్సులు వాళ్ళు లేకుండానే వచ్చాయి.

చివరికి ఒకరోజు బాలమణి ముందు దిగింది. వెనక నర్సింలు, చిక్కిపోయి, మెల్లగా.

“ఉన్నదక్కా,” అంది ఆమె. “గోబిపువ్వు లెక్క, కాడ గూడ ఉన్నదట. గొట్టంలకెల్లె కాల్చి తీసేసిన్రు. ఇంకొన్ని దినాలైతే మూత్రం సంచి గోడ లోపటికి దిగేదట.”

“ఏమన్నా, తిట్టవైతివి?” అన్నాను.

“ఏం తిట్టాలె? మాట మిగలనిస్తివా?”

ఆ గడ్డకు మళ్ళీ మొలిచే గుణం ఉంది. అందుకని ఏటా హైదరాబాద్ వెళ్ళి గొట్టంతో చూపించుకోవాలి. మధ్య మధ్యలో సీసా నా దగ్గరికి వస్తుంది. ఇప్పుడాయన కాగులో చేతులు పెట్టడం లేదు, బాలమణి పెట్టనివ్వదు. మగ్గం మీద కూర్చుంటున్నాడు. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

“మందు తీసిన్రా అమ్మా, మా ఆకులకెల్లి?”

“ఇంక తియ్యలే అన్నా.”

“జల్ది తియ్యమను. గా గొట్టం బాధ నీకేం తెలుసు!”

ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క మనిషి దగ్గర అక్కరకొచ్చింది. ఎవరైనా ఆకు పేరు చెబితే నేనిప్పుడు నవ్వను, నమ్మి కూర్చోమనీ చెప్పను. ఎర్రగా వచ్చిన సీసా తన సంగతి తానే చెప్పుకుంటుంది. నన్ను భయపెట్టేది తేటగా వచ్చిన సీసా. నర్సింలు సీసా కిటికీ వెలుగులో ఎంత తేటగా కనిపిస్తే, ఇప్పటికీ గిరకను అంత ఎక్కువసేపు తిప్పుతాను.