ఆదివారం సాక్ష్యం

నార్వే నుంచి వచ్చిన ఒక మిషనరీకి నేను కొన్నాళ్లు దుబాసీగా పనిచేశాను. తొంభైల మొదట్లో మాట. అప్పుడు పటాన్‌చెరులో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె దేవుడితో పనిలేదు. ఇంగ్లీషు ఇద్దరికీ పరాయిదే కాబట్టి ఒకరి మాట ఒకరం శ్రద్ధగా వినేవాళ్లం. నన్ను మతంలో కలిపేసుకుంటుందని మా ఇంట్లో గొడవ. ఇన్నేళ్లూ మీ మాటే విననిదాన్ని ఆమె మాట వింటానా అంటే కాస్త ఊరుకున్నారు.

ఆమె అంతకుముందు నర్సు. ఇస్నాపూర్‌లో కిరాయి గదుల వరసలో ఒక ఇంటికి తరచూ కట్టు మార్చడానికి వెళ్లేది, పక్కన నేను. ఆ ఇంటాయన కెమికల్ కంపెనీలో కాంట్రాక్టు కూలీ. లారీలోంచి డ్రమ్ము దించుతుంటే యాసిడ్ పడి కుడిచెయ్యి కాలింది. పుండు మానుతోందిగానీ చర్మం ముడుచుకుపోయి వేళ్లు అరచేతికి అంటుకున్నాయి. ఆపరేషన్ చేస్తే విడివడతాయని, ఆలస్యమైతే ఇక విడివడవని ఆమె మొదటిరోజే చెప్పింది. అది చేయించాల్సింది కంపెనీ. కంపెనీ ఏమో ఆయన ఆ రోజు డ్యూటీలోనే లేడంది. ఇంట్లో స్టవ్ మీద పడ్డాడట. డ్రమ్ము దించేటప్పుడు పక్కనున్న ఒడిశా కూలీలు అప్పటికే వాళ్ల ఊళ్లకు వెళ్లిపోయారు.

“సాక్ష్యం తెమ్మంటున్రు టీచరమ్మా. గా సాక్ష్యం యాడ దొరుకుతది?” అని ఆయన భార్య నన్ను వెళ్లినప్పుడల్లా అడిగేది. కార్మిక శాఖ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఆమెకు ఆ ఒక్క మాట మాత్రం బాగా తెలిసింది.

మిషనరీ కట్టు మార్చాక కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. ఒకరోజు ఆయన, రాత్రి మంట తగ్గి నిద్రపట్టిందన్నాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. ఆదివారం మందిరానికి వచ్చి సాక్ష్యం చెబుతుందేమో అడగమంది, భార్యను చూపిస్తూ. అడిగాను. తర్వాత చాలామంది నా అనువాదాన్ని తప్పుపట్టారు గనుక చెబుతున్నాను: దేవుడు తనకు చేసిన మేలును నలుగురిలో చెప్పడానికి తెలుగు క్రైస్తవులు వాడే మాట సాక్ష్యమే. నేను కనిపెట్టింది కాదు.

ఆ భార్య చేస్తున్న పని ఆపింది.

“అక్కడ ఎవలెవలుంటరు?”

“సంఘంలో వాళ్లందరూ ఉంటారు.”

“కంపెనోళ్లు గిట్ల ఒస్తరా?”

“కొందరు వస్తారు.”

“అయితే ఒస్త. జెర ముంగట్నే కూసోవెట్టుండ్రి.”

మిషనరీ ఆమె చేతులు పట్టుకుంది. ఆ సంతోషానికి అడ్డం పడే పని నాది కాదు. అడిగింది అడిగాను, చెప్పింది చెప్పాను.

ఆదివారం పాటలయ్యాక పాస్టరు పిలిస్తే ఆమె లేచి, కొంగు నడుముకు చుట్టింది. “మా ఆయన ఇంట్ల కాలలే. మా ఇంట్ల స్టవ్వే లేదు, కట్టెలపొయ్యి. కంపెనీల డ్రమ్ము దించుతుంటె కాలిండు. గా దినం డ్యూటీకి పిలిసినాయన గీడనే ఉన్నడు” అంది. కానుకల సంచి పట్టుకుని నిలబడ్డ సంఘపెద్ద వైపే చూస్తోంది. వారమంతా ఆయన ఆ కంపెనీలో కాంట్రాక్టు కూలీల సూపర్‌వైజరు.

“అమ్మా, ఇది ప్రభువు సన్నిధి. కంపెనీ మాటలు ఇక్కడొద్దు” అన్నాడాయన.

“దేవుని ముంగట సెప్పొద్దంటె యాడ సెప్పాలె అన్నా? గేటుకాడ సెప్పనియ్యకపోతివి.”

ఆడవాళ్ల వైపు ఎవరో నవ్వి, దగ్గుతో కప్పుకున్నారు. ఏమంటోందని మిషనరీ నా మోచెయ్యి తట్టింది. ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా వాదించుకున్నాం. అది సాక్ష్యం కాదంది ఆమె. మరేమిటన్నాను. ఆ భార్య ప్రమాదాన్ని కళ్లతో చూడలేదు కాబట్టి ఏ లెక్కన చూసినా కాదంది. మీరు వారం వారం చెప్పేది మాత్రం కళ్లతో చూశారా అని అడిగాను. బస్సు వచ్చింది. ఎక్కాక, ఆ సూపర్‌వైజరు నిజంగా ఆ రోజు పిలిచాడా అంది. ఆయన కాదనలేదు కదా అన్నాను.

మరుసటి వారం పాస్టరు సాక్ష్యాల సమయాన్ని ఎత్తేసి ఇంకో పాట పెట్టబోయాడు. మిషనరీ ఒప్పుకోలేదు. సాక్ష్యాలకు లేచిన మనిషిని ఎవరూ కూర్చోబెట్టకూడదని నాచేత అందరి ముందూ చెప్పించింది. ఆ పని నాకు నచ్చింది, ఆమెతో అనలేదు.

ఆ భార్య ప్రతి ఆదివారం వచ్చింది. పక్కవాళ్లను చూసి వరస కూడా పట్టేసింది. ముందు “ప్రభువుకు స్తోత్రం” అనేది, తర్వాత డ్రమ్ము, యాసిడ్, కట్టెలపొయ్యి. మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే జనం అలవాటుగా “ఆమెన్” అనేవాళ్లు. సూపర్‌వైజరు కానుకల సంచిని ఇంకొకరికి అప్పగించి వెనక వరసలోకి జరిగాడు. మానేస్తే ఊరికి తెలిసిపోతుంది, వస్తే వినాలి.

చివరికి ఒక సాయంత్రం మేం ఆ ఇంట్లో ఉండగానే సూపర్‌వైజరు స్కూటర్ మీద వచ్చాడు. లోపలికి రాలేదు.

“రేపు పొద్దుగాల జీపు ఒస్తది. డ్యూటీల కాలిండని సార్లతోని ఒప్పిచ్చిన. పట్నంల ఆపరేషన్ చేపిస్తరు. ఇగ ఆదివారం రాకమ్మ.”

“ఆయన చెయ్యి తెరుసుకునెదాంక ఒస్త” అంది ఆమె.

దేవుడు అతని మనసు మార్చాడని మిషనరీ. పరువు మార్చిందని నేను. అతన్ని మాత్రం ఇద్దరమూ అడగలేదు.

ఆపరేషన్ ఆలస్యంగానే జరిగింది. మూడు వేళ్లు విడివడ్డాయి, చివరి రెండు అలాగే ఉండిపోయాయి. పట్నం నుంచి వచ్చారని తెలిసి వెళితే, మిషనరీ బైబిలు తీసి, కృతజ్ఞతా ప్రార్థన చేద్దామంది. నేను తెలుగులో చెప్పేలోపే ఆ భార్య మా ఇద్దరికీ గుమ్మం చూపించింది.

“జెర బయటికి నడువుండ్రి. ఇన్ని దినాలు నేనే కలిపి తినవెట్టిన. ఇయ్యాల ఆయన చేత్తోని ఆయన తింటుండు. ఎవలన్న సూస్తె సిగ్గువడ్తడు.”

ఇద్దరం వెళ్లి బయట గోడ నీడలో నిలబడ్డాం. లోపల పళ్లెం నేలమీద జరిగిన చప్పుడు, కాసేపటికి మళ్లీ అదే చప్పుడు. మిషనరీ బైబిలు సంచిలో పెట్టేసి, ఏం వండారంది. వాసన పట్టి, పప్పు అన్నాను. మూడు వేళ్లతో పప్పన్నం కష్టమంది. అవునన్నాను. లోపలినుంచి పిలుపు వచ్చేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.