బాబాయి తల వెనక నా నక్షత్రం

కృష్ణబిలం ఒక నక్షత్రాన్ని చీల్చుకు తింటే ఎలా ఉంటుందో కంప్యూటర్లో లెక్కగట్టి, ఆ అంకెలకు రంగులు వేసి బొమ్మగా చూపడం నా పని. వాయువు చిక్కగా ఉన్నచోట ఎరుపు, పలచబడ్డచోట నీలం. హైదరాబాద్‌లో దీన్ని పరిశోధన అంటారు. మిర్యాలగూడలో మా ఇంట్లో "బొమ్మలకు రంగులేస్తది" అంటారు. ఇన్నేళ్లు చదివి చదివి మళ్లీ ఎల్‌కేజీకి చేరానన్నమాట.

మా నాన్న రైస్‌మిల్లు తరఫున వడ్లు కొంటాడు. గింజలు అరచేతిలో నలిపి చూస్తే గాని దేన్నీ నమ్మడు. "నువ్వు గాడికి పోలే, దాన్ని సూడలే. మరి గా రంగని ఎట్ల తెలిసె?" అని ఒకసారి అడిగాడు. రంగు నేనే పెట్టానన్నాను. ఇక అడగలేదు. నేను చేసేదీ ఒక పనేనని ఆయన ఒప్పుకుంటే చాలని నా కోరిక. అందుకే బొమ్మ పూర్తవగానే ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

నాన్న చూశాడో లేదో తెలియదు. కోదాడ బాబాయి మాత్రం చూశాడు. ఆయన వార్డుకు పోటీ చేస్తున్నాడు. మా వైపు పిల్లలకు పుట్టువెంట్రుకలు తీసినా ఫ్లెక్సీ కట్టాల్సిందే, ఎన్నికలకు ఊరుకుంటారా? నాన్నా నేనూ ప్రచారానికని కోదాడ వెళ్తే, బస్టాండు దగ్గర ఫ్లెక్సీలో బాబాయి చేతులు జోడించి నవ్వుతున్నాడు. తల వెనక దేవుడి పటంలోలాగా వెలుగు. ఆ వెలుగు నా నక్షత్రం. కృష్ణబిలం ఉండాల్సినచోట సరిగ్గా బాబాయి తలకాయ. ఆకలిలో పెద్ద తేడా లేదు గనుక దానికి సర్దుకున్నాను. కానీ ఎరుపూ లేదు, నీలమూ లేదు. మొత్తం పార్టీ రంగే.

కోపం నషాళానికంటింది. నాన్నను వెంటబెట్టుకుని ఫ్లెక్సీ షాపుకు పోయాను. "మీ రంగులు పార్టీకి నప్పలేదమ్మా, నేనే సరిచేశాను" అని షాపతను మురిసిపోయాడు. అవి అందానికి వేసినవి కావని, ఒక్కో రంగుకు ఒక్కో కొలత ఉందని, రంగు మారిస్తే లెక్కే తప్పని అరిచినంత పని చేశాను. అతను పాపం నాకు మంచినీళ్లిచ్చాడు.

నాన్న నా ఫోన్ తీసుకుని అసలు బొమ్మను చాలాసేపు చూశాడు. ఎర్రగా ఉన్నచోట చిక్కగా ఉంటుందా అని అడిగాడు. అవునన్నాను. ఫోన్ షాపతని ముందు పెట్టాడు.

"మా తమ్ముణ్ణి తీసెయ్. ఒట్టి బొమ్మ కొట్టియ్యి, మా ఇంటికి. రంగు జరంత మారినా తీస్కోను. అది నా బిడ్డ పని."

నాకు ఏడుపొచ్చింది. షాపతను మాత్రం మనిషి ఫొటో లేకుండా ఫ్లెక్సీ ఎలా కొడతామని, కనీసం పైన శుభాకాంక్షలైనా వేయించుకోమని మమ్మల్ని బతిమాలుతూనే ఉన్నాడు.