తడి నేల మీద రోలరు

సువర్ణరేఖ నది నీళ్ళు దోసిట్లో పట్టుకుని చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే నా పెరట్లో తుంగ తప్ప మరేదీ మొలవకూడదు.

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏప్రిల్‌లో నన్ను మా ఉక్కు కర్మాగారం ఊళ్ళో అగ్రికో పేట వైపు ఒక ఆఫీసర్ల క్లబ్బు లాన్‌కు హార్టికల్చర్ సూపర్‌వైజర్‌గా వేశారు. సూపర్‌వైజరంటే మాలీలకు పైవాడు, మేనేజరుకు కిందివాడు. గడ్డి ఎండితే ఇద్దరి చేతా మాటలు పడేవాడు. స్వచ్ఛంద విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు.

లాన్ దూబ్ గడ్డిది, మనం గరిక అనేదే. చూడటానికి పచ్చగానే ఉంది. కానీ లాన్‌కు చావు వేళ్ళ దగ్గర మొదలై, చాలా ఆలస్యంగా పైకి కనిపిస్తుంది. వేళ్ళకు గాలి అందాలంటే నేల గుల్లగా ఉండాలి. అందుకే వానలకు ముందు పళ్ళ పారతో నేలంతా గుచ్చి, ఆ రంధ్రాల్లోకి నది ఇసుక దింపుతాం. కోసేటప్పుడు ఎత్తులో మూడో వంతుకు మించి తియ్యం. నీళ్ళు రోజూ చిలకరించకుండా, అప్పుడప్పుడూ వేరు దాకా దిగేలా పెడతాం. వీటిలో ఏ పనీ ఫొటోకు పనికిరాదు.

మా మేనేజరు రోలింగ్ మిల్లు నుంచి బదిలీ అయి వచ్చాడు. ఎర్రగా కాలిన ఇనుము రేకుగా సాగడం చూస్తూ ఉద్యోగమంతా గడిపిన మనిషి. లాన్ కూడా "బిల్‌కుల్ ప్లేట్ జైసా", అచ్చం రేకులా ఉండాలన్నాడు. క్లబ్బు వార్షికోత్సవం నాడు గడ్డి మీద వేసిన బల్ల ఊగకూడదట. వర్క్‌షాపులో పోతపోయించిన ఇనప రోలరు తెప్పించి, ప్రతి శనివారం నేల తడిపి మరీ లాగించాడు. తడి నేల మీద అంత బరువు నడిస్తే మట్టి ఇటుకవుతుందని చెప్పాను. ఇనుము వేడి మీదే కదా లొంగేది, నేల తడి మీద లొంగుతుంది అన్నాడు.

లాగేది ఠేకా కూలీలు, అంటే కాంట్రాక్టరు మనుషులు. వాళ్ళ ముఠాకు పెద్ద సూరమ్మ, భుయ్యాడీహ్ బస్తీలో ఉండేది. మొగుడు మంచం పట్టాడు, ఇల్లు ఆమె కూలితోనే నడిచేది. లాన్ బాగుంటేనే ముఠాను మళ్ళీ ఏడాదికి ఉంచుతారు.

"ఏటి బాబూ, మేం లాగతన్నది గడ్డి బతకడానికా, సావడానికా?" అని అడిగింది ఓ శనివారం.

"చావడానికే. చెప్పాను, వినలేదు."

"అయితే మెల్లిగా లాగుతాం. మెల్లిగా సత్తాది."

వానలొచ్చాయి. నీరు ఇంకక లాన్ మీదే నిలిచింది. పళ్ళ పార దింపబోతే పన్ను వంగింది. వేళ్ళు కుళ్ళి, మెట్ల దగ్గర మొదలైన పసుపు మచ్చలు నడిమధ్యకు పాకాయి. వార్షికోత్సవానికి ముందు మేనేజరు గడ్డికి ఆకుపచ్చ రంగు కొట్టించాడు. ఫొటోలు బాగానే వచ్చాయి. తర్వాతి వారం, నిర్వహణ లోపమని చెప్పి సూరమ్మ ముఠాను తీసేశారు.

వెళ్ళే రోజున సూరమ్మ గడ్డి అంచులు కోసే కొడవలెత్తి మేనేజరు బూట్ల ముందు నేల మీద ఒక్క వేటు వేసింది. నిప్పురవ్వ లేచింది. కొడవలి రెండు ముక్కలైంది.

"నువ్వడిగిన ప్లేటు తయారైపోనాది బాబూ. మిల్లుకి అట్టుకుపో" అంది. మేనేజరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

తర్వాత కొత్త కాంట్రాక్టరు గడ్డి పలకలు తెచ్చి పరిచాడు. వాటి మీద కూడా అదే రోలరు నడిచింది. నేను నేర్చుకున్నది ఇంతే: లాన్‌కు చేయాల్సింది అది పచ్చగా ఉన్నప్పుడే చేయాలి. పసుపెక్కాక మిగిలేది రంగు డబ్బా, తప్పు ఎవరి మీద నెట్టాలన్న వెతుకులాట.

ఇక ప్రమాణం సంగతి. రోలరు నిజం, రంగు నిజం. నిప్పురవ్వ నేను కల్పించింది, ఆ చివరి మాటా నాదే. ఆ రోజు సూరమ్మ కొడవలిని చీర చెంగుతో తుడుచుకుని, గేటు దగ్గర పాసు అప్పగించి వెళ్ళిపోయింది. మేనేజరు అసలక్కడ లేడు.

నా పెరట్లో తుంగ బాగా పెరుగుతోంది.